ప్రేగుపూత: మందు, పథ్యం, సంసారం

(చెన్నపట్నంలో మన సంఘ సభ్యుల సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగపాఠం)



ఉగాది సంచికలో అచ్చు వేయడానికి పనికివచ్చే ఆరోగ్య విషయం ఒకటి చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను గుండెజబ్బు గురించో చక్కెరవ్యాధి గురించో మాట్లాడతానని వారు అనుకొని ఉంటారు. ఆ రెండింటిని గురించి మనవాళ్ళు నలుగురిలో నిస్సంకోచంగానే మాట్లాడుకుంటారు. పెళ్ళిపందిట్లో పక్కన కూర్చున్నవారితో తమ షుగరు లెక్క చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. కాని విరేచనంలో నెత్తురు పడుతున్నదన్న మాట కన్నతల్లితో చెప్పడానికైనా నెలల తరబడి వెనుకాడేవారున్నారు. అలా దాచుకోవడంవల్లనే ముదిరిపోయే జబ్బు ఒకటున్నది. దాని పేరు ప్రేగుపూత. ఈనాడు దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. భోజనాల వేళకు ముందు ఇటువంటి ప్రసంగమేమిటని ఎవరైనా విసుక్కుంటే క్షమించవలెను.

ప్రేగుపూత అనే మాట కింద రెండు జబ్బులు వస్తాయి. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దప్రేగుకు మాత్రమే వచ్చేది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. ప్రేగు లోపలి పొర ఎర్రబడి, ఒరసిపోయి, పుండ్లుపడి నెత్తురు కారుతుంది. రెండవది క్రోన్స్ వ్యాధి. ఇది నోటి నుంచి ఆసనం వరకు ఎక్కడైనా రావచ్చును గాని, చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలిసే చోట ఎక్కువ. ఇది పైపొరతో ఆగక ప్రేగు గోడ మందమంతా పడుతుంది. అందుచేత కొందరికి ప్రేగు సన్నబడి అడ్డు తగులుతుంది, కొందరికి ఆసనం పక్కన చీము కారే భగందరం వంటిది ఏర్పడుతుంది. మొదటి జబ్బును 1859లో లండనులో సామ్యూల్ విల్క్స్ అనే వైద్యుడు వర్ణించాడు. రెండవదానిని 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్, మరి ఇద్దరు వైద్యులు కలిసి ప్రకటించారు. ఆ పేరే దానికి నిలిచింది.

ఇది దేనివల్ల వస్తుంది? సూక్ష్మక్రిమి ఏదో ఒకటి లోపల దూరడంవల్ల కాదు. అందుచేత ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా ఇతరులకు రాదు. మన శరీరంలో శత్రువులతో పోరాడడానికి ఏర్పడిన రక్షకశక్తి ఒకటున్నది గదా, అది పొరపాటుపడి స్వంత ప్రేగు మీదనే తిరగబడుతుంది. కాపలాకు పెట్టిన మనిషి ఇంటివాళ్ళనే కొట్టినట్లన్నమాట. కొంత పుట్టుకతో వచ్చిన గుణము, కొంత మనం తినే తిండి, బ్రదికే పరిసరాలు, ప్రేగులో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవుల మార్పు, ఇవన్నీ కలిసి దానికి కారణమవుతున్నాయి. కోపంవల్ల గాని, మిరపకాయవల్ల గాని, దిష్టివల్ల గాని, పూర్వజన్మ పాపంవల్ల గాని రాలేదు. రోగిని గాని, రోగిని కన్నవారిని గాని తప్పుపట్టవలసిన పని లేదు.

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదు అని ఒకప్పుడు వైద్యులే అనుకొనేవారు. ఆ మాట చెల్లదు. పంజాబులో 51,910 మందిని ఇల్లిల్లూ తిరిగి విచారించి 2003లో ప్రకటించిన లెక్క ప్రకారం లక్షమందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నది. ఇంగ్లండులోని లెస్టరు ప్రాంతంలో స్థిరపడిన భారతీయులను గురించి 1992లో వెలువడిన పరిశీలనలో, అక్కడి తెల్లవారికంటె మనవారికే ఆ జబ్బు ఎక్కువగా కనబడింది. మన హైదరాబాదులోని ఏ.ఐ.జి. ఆస్పత్రి వైద్యులు 2023లో ప్రకటించిన దానిలో, పట్టణాలవారికే కాక పల్లెలవారికి కూడ ఇది వస్తున్నదని తేలింది. సామాన్యంగా పదిహేనేళ్ళకూ ముప్పయ్యయిదేళ్ళకూ మధ్య మొదలవుతుంది. అనగా చదువు, ఉద్యోగం, పెళ్ళి, కాన్పు, ఈ నాలుగూ ముడిపడి ఉన్న వయస్సులోనే వస్తుంది. అందుకే దీనిని గురించి కుటుంబాలవారు ఉన్న సభలో చెప్పవలసి వచ్చింది.

ఇక దీనిని పోల్చుకోవడమెలాగు? నెత్తురు, జిగట కలిసిన విరేచనాలు; వెళ్ళినా ఇంకా వెళ్ళవలసి ఉన్నట్లు ఉండడం; ఒక్క నిమిషమైనా ఆపుకోలేకపోవడం; రాత్రి నిద్రలో లేచి పరుగెత్తవలసి రావడం; కడుపునొప్పి; బరువు తగ్గడం; నీరసం, పాలిపోవడం; ఇవి ముఖ్యమైన గుర్తులు. క్రోన్స్ వ్యాధిలో నెత్తురు కనబడకపోవచ్చును. నొప్పి, సన్నజ్వరం, చిక్కిపోవడం ముందుంటాయి. పిల్లలయితే ఎదుగుదల ఆగిపోతుంది. కొందరికి కీళ్ళ నొప్పులు, కళ్ళు ఎర్రబడడం, కాళ్ళ మీద ఎర్రని నొప్పిగడ్డలు కూడ తోడవుతాయి. ఈ అవస్థ కొన్నాళ్ళుండి తగ్గుతుంది, మళ్ళీ తిరగబెడుతుంది. తగ్గడం, తిరగబెట్టడం దీని స్వభావం.

మనవాళ్ళు దీనికి పెట్టే పేర్లు చాలా ఉన్నాయి. మొదటిది మొలలు. నెత్తురు పడగానే మొలలే అనుకొని ఏళ్ళ తరబడి నాటుమందు మింగేవారున్నారు. రెండవది వేడి. వేడి చేసిందని మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరినీళ్ళు పడతారు. మూడవది జిగట విరేచనాలు. మందుల దుకాణంలో అడిగి అమీబా మాత్రలు నాలుగు రోజులు వేసుకుంటారు. జబ్బు తనంతట తాను తగ్గే వేళ అయితే తగ్గుతుంది, ఆ యశస్సు మాత్రలకు పోతుంది. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రేగుల క్షయ. మన దేశంలో క్షయ ఎక్కువ. క్రోన్స్ వ్యాధీ ప్రేగు క్షయా ఒకే చోట, ఒకే విధంగా కనబడతాయి. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసినా ఒక్కొక్కప్పుడు తేల్చడం కష్టం. క్షయకు స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. అందుచేత సందేహమున్నప్పుడు వైద్యులు ముందు క్షయ మందులు ఇచ్చి, రెండు మూడు నెలలకు మళ్ళీ లోపల చూసి నిర్ణయిస్తారు. అలా చేస్తే డాక్టరుగారికి ఏమీ తెలియదనుకోకండి. తెలిసినవారే అలా చేస్తారు.

పరాయిభాష ప్రాంతాలలో బ్రదికే మనకు ఇక్కడ మరొక చిక్కున్నది. ఇంట్లో మనం మొలలు అంటాము. ఇక్కడివారు మూలం అంటారు. బెంగుళూరువారు మూలవ్యాధి, షోలాపురం వారు మూళవ్యాధ్, బరంపురం వారు అర్శ అంటారు. మన ముసలమ్మగారు కష్టపడి అరవంలో ఆ ఒక్కమాట నేర్చుకొని డాక్టరుగారి ముందు చెబుతుంది. ఆయన మొలలకు మందు వ్రాసి పంపుతాడు. కనుక నా సలహా ఏమంటే, డాక్టరు దగ్గర జబ్బు పేరు చెప్పకండి. కంటితో చూసినది చెప్పండి. రోజుకు ఎన్నిసార్లు, నెత్తురు ఎంత, రాత్రి లేవవలసి వస్తున్నదా, ఎన్ని వారాలనుంచి, బరువు ఎంత తగ్గింది. ఈ అయిదు సంగతులు కాగితం మీద వ్రాసుకొని పోతే ఏ భాష డాక్టరుకైనా అర్థమవుతాయి. నెల దాటిన విరేచనాలకూ, నెత్తురు పడే విరేచనాలకూ ఊహలతో మందు వాడకూడదు. మలపరీక్ష, రక్తపరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేయించవలెను. కొలనోస్కోపీ అనగా మెత్తని గొట్టం ద్వారా ప్రేగు లోపలి భాగం చూడడం. మత్తు ఇచ్చి చేస్తారు. వినడానికి భయంగా ఉన్నా, అరగంట పని. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం ఎంత ఉన్నదో చూసి లోపల వాపు ఉన్నదీ లేనిదీ అంచనా కట్టే పరీక్ష కూడ ఇప్పుడున్నది.

ఇక చికిత్స. ఇది పూర్తిగా పోయే జబ్బా అని ప్రతివారూ అడుగుతారు. ఉన్నమాట చెప్పవలెనంటే, మందులతో వేరుతో సహా పోదు. కాని అదుపులో ఉంటుంది. అదుపులో ఉన్నంతకాలం మనిషి అందరివలె చదువుకోవచ్చును, ఉద్యోగం చేయవచ్చును, పిల్లలను కనవచ్చును. కాబట్టి చికిత్సకు రెండు పనులున్నాయి. మొదటిది మంట ఆర్పడం. రెండవది ఆరిన మంట మళ్ళీ రాజుకోకుండా చూడడం. ఈ రెండు పనులకూ మందులు వేరు. ఈ తేడా తెలియకనే మన కుటుంబాలలో ఎక్కువ నష్టం జరుగుతున్నది.

మంట ఆర్పడానికి స్టెరాయిడ్లు ఉన్నాయి. 1955లో ఆక్స్‌ఫర్డు వైద్యులు ట్రూలవ్, విట్స్ అనేవారు 210 మంది రోగుల మీద పరీక్ష జరిపి, కార్టిజోను ఇచ్చినవారిలో నూటికి 41 మందికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో నూటికి 16 మందికి మాత్రమే ఆరు వారాలలో జబ్బు నెమ్మదించిందని చూపించారు. ఇది గొప్ప మేలే. కాని స్టెరాయిడ్లు మంట ఆర్పగలవేగాని, తిరిగి రాకుండా కాపాడలేవు. పైగా ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, కంటిలో శుక్లం వస్తుంది. కనుక డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొన్ని వారాలలో ముగించవలెను. ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. పాత చీటీ చూపించి దుకాణంలో మళ్ళీ మళ్ళీ కొనుక్కోవడం అంతకంటె ప్రమాదం.

తిరగబెట్టకుండా కాపాడే మందులలో, అల్సరేటివ్ కొలైటిస్‌కు మెసలమీన్ ముఖ్యమైనది. దీని తల్లి సల్ఫాసలజీన్. దానిని స్వీడను దేశంలో నానా స్వార్ట్స్ అనే వైద్యురాలు కీళ్ళవాతం కోసం తయారు చేయించి, ప్రేగుపూతకు పనిచేస్తున్నదని 1942లో ప్రకటించింది. అందులో అసలు పనిచేసే భాగం ఏదో 1977లో ఆజాద్ ఖాన్, ట్రూలవ్ ప్రభృతులు తేల్చారు. ఆ భాగమే మెసలమీన్. జబ్బు మలద్వారానికి దగ్గరగా ఉన్నవారికి ఈ మందునే ఎనీమాగాను, ఆసనంలో పెట్టుకొనే మాత్రగాను ఇస్తారు. మనవాళ్ళకు ఇది సుతరామూ ఇష్టముండదు. నోటిమాత్ర ఇవ్వండి చాలునంటారు. కాని పుండు ఉన్నచోటికి నేరుగా చేరే మందు అది. రాత్రి పడుకొనే ముందు ఎడమవైపు తిరిగి పడుకొని పెట్టుకొని, అలాగే నిద్రపోతే ఏ ఇబ్బందీ ఉండదు.

జబ్బు గట్టిదైతే అజథయోప్రిన్ వంటివి వాడతారు. ఇది పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దీనికి మొదట్లో తరచుగాను, తరువాత నియమంగాను రక్తపరీక్ష తప్పనిసరి. మన ఆసియావారిలో కొందరికి ఇది పడక తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం, నోటిపూత, జుట్టు కుచ్చులుగా రాలడం కనబడితే మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపవలెను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూది మందు 1998లో అమెరికాలో క్రోన్స్ వ్యాధికి అనుమతి పొందింది. దానికీ, దాని తరువాత వచ్చిన అటువంటి మందులకూ మన దేశంలోనే తయారయ్యే సమానౌషధాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వెల మునుపటికంటె తగ్గినా మధ్యతరగతివారికి ఇంకా బరువే. అది మొదలుపెట్టే ముందు క్షయ దాగి ఉన్నదేమో చూడవలెను. కామెర్ల బి వైరసు పరీక్షా చేయించవలెను. టీకాల విషయం డాక్టరును అడగవలెను.

శస్త్రచికిత్స మాట చెప్పగానే అంతా అయిపోయిందనుకుంటారు. అలా కాదు. మందులకు లొంగని అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దప్రేగు తీసివేస్తే మనిషి బ్రదుకుతాడు. చిన్నప్రేగుతో సంచివలె కుట్టి మామూలు దారినే విరేచనమయ్యేటట్లు చేసే పద్ధతి కూడ ఉన్నది. కడుపు మీద సంచి పెట్టుకొన్నవారు ఉద్యోగాలు చేస్తున్నారు, సంసారాలు చేస్తున్నారు. క్రోన్స్ వ్యాధిలో మాత్రం కోసిన తరువాత కూడ మళ్ళీ రావచ్చును గనుక మందు కొనసాగించవలెను.

ఈ చికిత్సలో మన తెలుగువాడి చేయి ఒకటున్నది. అది మీకు చెప్పకుండా పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ చెన్నపట్నంలోనే ప్రెసిడెన్సీ కళాశాలలో, ఆ తరువాత మద్రాసు వైద్యకళాశాలలో చదువుకొన్నారు. వారి అన్నదమ్ములను స్ప్రూ అనే ప్రేగుల జబ్బు పొట్టన పెట్టుకొన్నది. ఆయనకూ అదే జబ్బు వచ్చి, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొన్నారు. తరువాత అమెరికా వెళ్ళారు. ఆయన నాయకత్వాన లెడర్లీ పరిశోధనశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. అదే చోట దానికి విరుగుడుగా పుట్టినది మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు. ఆ మెథోట్రెక్సేటే క్రోన్స్ వ్యాధికి పనిచేస్తుందని 1995లో రుజువైంది. సల్ఫాసలజీన్ వాడేవారికి ఫోలిక్ ఆమ్లం ఇవ్వడం ఇప్పుడు అలవాటు. ప్రేగుల జబ్బుతో తోబుట్టువులను పోగొట్టుకొన్న మనిషి శ్రమ ఈనాడు ప్రేగుల జబ్బువారికి అక్కరకు వస్తున్నది. స్ప్రూ వేరు, ప్రేగుపూత వేరు. అయినా బాధ ఒకటే గదా.

ఇప్పుడు ఈ ప్రసంగానికంతకూ ముఖ్యమైన మాటకు వస్తున్నాను. జబ్బు తగ్గిన రోజునే మందు అవసరం ఎక్కువ. నెత్తురు పడేటప్పుడు ఎవరూ మందు మరిచిపోరు. ఆరు నెలలు బాగుంటే మాత్రం, నాకు తగ్గింది, ఇంకా ఈ మాత్రలెందుకు అన్న ఆలోచన వస్తుంది. అమెరికాలో, నెమ్మదించి ఉన్న అల్సరేటివ్ కొలైటిస్ రోగులను 99 మందిని రెండేళ్ళు గమనించి 2003లో ప్రకటించారు. చెప్పిన మెసలమీన్‌లో నూటికి ఎనభై పాళ్ళయినా వేసుకున్నవారిలో నూటికి 89 మంది బాగుండగా, సరిగా వేసుకోనివారిలో 39 మందే బాగున్నారు. మందు అదే, జబ్బు అదే. తేడా డబ్బా మూత తీయడంలోనే ఉన్నది.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు అక్కరలేదు. ఇక్కడి మన తెలుగు ఇంటి పిల్ల. అల్సరేటివ్ కొలైటిస్ వచ్చి, మందుతో రెండేళ్ళు చక్కగా ఉన్నది. కృష్ణాజిల్లాలో సంబంధం కుదిరింది. పెళ్ళివారికి జబ్బు సంగతి చెప్పలేదు. సారె సర్దేటప్పుడు తల్లి ఆ మాత్రలు పెట్టెలోనుంచి తీసివేసింది. అత్తవారింట మాత్రల డబ్బా కనబడితే ఏమనుకుంటారో అన్న భయం. ఆ తల్లి చెడ్డది కాదు. మనలో చాలామంది తల్లులు అదే చేస్తారు. నాలుగవ నెలలో నెత్తురు మొదలైంది. పిల్ల ఎవరితోనూ చెప్పలేదు. పదిమంది ఉన్న ఇల్లు, ఒకటే మరుగుదొడ్డి. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి పోయి వచ్చేది. విరేచనాలు అవుతాయని తిండి మానుకొన్నది. అడిగితే వ్రతమన్నది. ఒకనాడు వంటింట్లో పడిపోయింది. విజయవాడ ఆస్పత్రికి చేర్చేసరికి ఒంట్లో సగం రక్తమే ఉన్నది. స్టెరాయిడ్లు రక్తనాళంలోకి ఎక్కించినా లొంగలేదు. వారం రోజులకు పెద్దప్రేగు తీసివేయవలసి వచ్చింది. వియ్యపురాలు ఎదురుపడగానే ఆ అత్తగారన్న మాట, "వదినగారూ, ముందే చెప్పి ఉంటే పొద్దున్నే కాఫీతోపాటు ఆ మాత్ర నేనే ఇచ్చేదాన్ని కదండీ" అని. ఆ పిల్ల ఇప్పుడు బాగానే ఉన్నది, కాపురం నిలిచింది. కాని మాత్రతో నిలిచే ప్రేగు కత్తికి పోయింది.

చెబితే సంబంధం తప్పిపోదా అని మీరు అడుగుతారు. తప్పిపోవచ్చును. కాని దాచి చేసిన పెళ్ళిలో ఆ పిల్ల గాని, ఆ అబ్బాయి గాని ప్రతిదినం రెండు బరువులు మోయవలె, జబ్బు ఒకటి, అబద్ధం ఒకటి. చెప్పేటప్పుడు భయపెట్టే పేరుతో కాక ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఇది అంటదు, మందుతో అదుపులో ఉన్నది, సంతానానికి ఆటంకం కాదు, పిల్లలకు వచ్చే అవకాశం ఇతరులకంటె కొంచెం ఎక్కువైనా, ఎక్కువమందికి రానేరాదు. కావలిస్తే కాబోయే అల్లుణ్ణో కోడలినో డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళి అడగనివ్వండి. అలా వచ్చి అడిగి, తెలుసుకొని, సంతోషంగా చేసుకొన్నవారు ఉన్నారు.

గర్భం విషయంలో ఒక్కమాట. జబ్బు మూడు నుంచి ఆరు నెలలైనా నెమ్మదించి ఉన్నప్పుడు గర్భం ధరించడం మంచిది. గర్భమని తెలియగానే భయపడి మందులన్నీ మానేస్తారు, అది తప్పు. మెసలమీన్, అజథయోప్రిన్ వంటివి సామాన్యంగా కొనసాగిస్తారు. శిశువుకు మందుకంటె జబ్బు తిరగబెట్టడమే ఎక్కువ చెరుపు. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భిణికి పనికిరాదు. గర్భానికి ప్రయత్నించే ముందే డాక్టరుతో చెప్పి మార్చుకోవలెను. మగవారిలో సల్ఫాసలజీన్ వీర్యకణాలను తగ్గిస్తుంది. మందు మార్చితే తిరిగి సరి అవుతుంది. సంతానం లేదని కోడలిని నిందించే ముందు ఈ సంగతి కూడ విచారించండి.

ఇక తిండి. పథ్యం మీద మనవాళ్ళకున్న నమ్మకం మందు మీద లేదు. ప్రేగుపూత అనగానే కారం బంద్, పులుపు బంద్, పప్పు బంద్ అని, ఏళ్ళ తరబడి చారన్నం, మజ్జిగన్నం మీద ఉంచుతారు. మనిషి జబ్బుతో కాక పథ్యంతో చిక్కిపోతాడు. అందరికీ వర్తించే పథ్యమంటూ లేదు. జబ్బు తిరగబెట్టినప్పుడు మెత్తని అన్నం, ఇడ్లీ, పెరుగు, పెసరకట్టు, తొక్క తీసి ఉడికించిన కూరలు, అరటిపండు, తినేవారికి గుడ్డు, చేప మంచివి. పీచు, పచ్చి కూరలు, వేపుళ్ళు, కారం అప్పటికి తగ్గించండి. క్రోన్స్ వ్యాధివల్ల ప్రేగు సన్నబడినవారు మునక్కాయ పిప్పి, పనసతొన, బత్తాయి తొనల పీచు మింగరాదు, అడ్డు పడవచ్చును. నెమ్మదించిన తరువాత మెల్లగా మామూలు భోజనానికి రావలెను. పాలు పడనివారు మానవచ్చును, పడేవారు మానవలసిన పని లేదు. పొట్లాలలో వచ్చే చిరుతిండ్లు, శీతలపానీయాలు తగ్గించడం మేలు. రక్తం పోయినవారికి ఇనుము, స్టెరాయిడ్లు వాడేవారికి కాల్షియం, డి విటమిను కావలెను. పొగ త్రాగడం క్రోన్స్ వ్యాధిని ముదరబెడుతుంది.

పండుగనాడు ఉగాది పచ్చడి తినవచ్చునా అని ఒక చెల్లెలు ఇందాక అడిగింది. నెమ్మదిగా ఉన్నవారు అందరితోపాటు తినవచ్చునమ్మా. తిరగబెట్టి ఉన్నవారు నాలుకకు రాసుకుంటే చాలు, పండుగ జరిగినట్లే. గోంగూర, ఆవకాయ విషయమూ అంతే. ఎవరికి ఏది పడదో వారే పుస్తకంలో వ్రాసుకొని తెలుసుకోవలెను. పసుపులోని కర్కుమిన్‌ను మెసలమీన్‌తో కలిపి ఇచ్చి చూసినప్పుడు కొంత మేలు కనబడిన మాట నిజమే. కాని అది మెసలమీన్‌కు తోడే గాని బదులు కాదు. పేరు లేని చూర్ణాలు మాత్రం ముట్టకండి. వాటిలో స్టెరాయిడ్లు, సీసం వంటివి కలిసి ఉండే ప్రమాదం ఉన్నది. తలనొప్పికీ కీళ్ళనొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు తమంతట తాము వేసుకోరాదు. అవి జబ్బును తిరగబెట్టించగలవు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవలెను.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదో గుర్తుంచుకోండి. రోజుకు ఆరుసార్లు గాని అంతకు మించి గాని నెత్తురు విరేచనాలవుతూ, దానికి తోడు 100 డిగ్రీల జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడియో ఉంటే ఆ రోజే ఆస్పత్రిలో చేర్చవలెను. కడుపు ఉబ్బి గట్టిపడడం, వాంతులు ఆగకపోవడం కూడ అంతే. రేపు వర్జ్యం, ఎల్లుండి అమావాస్య అని చూడరాదు. ఇక పెద్దప్రేగులో జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళు దాటినవారు, బాగున్నా సరే, డాక్టరు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవలెను. దీర్ఘకాలం వాపు ఉన్న ప్రేగులో పుట్టకురుపు రావచ్చును. తొలిదశలో పట్టుకుంటే తప్పించుకోవచ్చును.

మనవంటి వలస కుటుంబాలవారు ప్రత్యేకంగా చేయవలసినవి కొన్నున్నాయి. మన పండుగలకూ పెళ్ళిళ్ళకూ ఊళ్ళకు పోతాము. పోయినప్పుడు వెళ్ళే రోజులకు సరిపోయే మందుకంటె రెండు వారాల మందు అదనంగా పెట్టుకోండి. మెసలమీన్ ప్రతి పల్లెటూరి దుకాణంలో దొరకదు. మందు పెట్టె సామానులో కాక చేతిసంచిలో ఉండవలెను. జబ్బు పేరు, మొదలైన సంవత్సరం, వాడుతున్న మందులు, పడని మందులు, ఆఖరి కొలనోస్కోపీ తేదీ, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో ఇంగ్లీషులో వ్రాయించుకొని దగ్గర ఉంచుకోండి. ఇక్కడి డాక్టరుకైనా, అక్కడి డాక్టరుకైనా అదే మీ నోరు. రైలులో గాని బస్సులో గాని నడవకు పక్కన సీటు అడగండి. బడికి పోయే పిల్లలకైతే, అడగకుండానే లేచి పోవడానికి అనుమతి ఇమ్మని ఉపాధ్యాయులకు ఒక ఉత్తరం వ్రాసి ఇవ్వండి. ఆ ఒక్క ఉత్తరంతో పిల్లవాడి సగం భయం తీరుతుంది. మందు వెల భరించలేనప్పుడు సగం మోతాదు మింగి ఊరుకోకండి. అదే మందు చవకపేరుతో దొరుకుతుందా అని డాక్టరుగారినే అడగండి; దొరికే సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

చివరగా మన సంఘానికి ఒక మనవి. ఈ సభలో ఇంతమంది ఉన్నాము. ఈ జబ్బు ఉన్నవారు ఎవరైనా ఉంటే, వారు ఇప్పుడు లేచి చెప్పనక్కరలేదు. ఇంటికి పోయి ఇంట్లోవారిలో ఒక్కరితో చెప్పండి. వినేవారు ముక్కు మీద వేలు వేసుకోకుండా, ఆ రాత్రి నుంచి మాత్ర వేసుకున్నావా అని అడగండి. అన్నం తిన్నావా అని అడగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దానితో ఈ ఒక్క మాట కూడ చేరిస్తే చాలును.  క్రొత్త సంవత్సరం మీ అందరికీ ఆయురారోగ్యాలు ఇచ్చుగాక.